ఉష్ణమండలం అంటే మన ఊరే కదా సార్?

ఎండాకాలం సాయంత్రం వార్తల్లో మా ఊరి పేరు వినపడుతుంది. రాష్ట్రంలో ఇవాళ ఎండ ఎక్కువ కాసింది రెంటచింతలలో అని. బయటివాళ్ళకు మా ఊరి గురించి తెలిసింది దాదాపు అదొక్కటే. ఎక్కడికి పోయినా, "రెంటచింతలా? అమ్మో, నిప్పుల కుంపటి కదా!" అంటారు. మేమూ నవ్వి ఊరుకుంటాం. కుంపటి పక్కన పుట్టినవాళ్ళకు కుంపటి గురించి చెప్పుకోడానికి ఏముంటుంది?

గత చలికాలంలో మేము నలుగురు ఉపాధ్యాయులం, ఇద్దరు సుగాలీలం, ఒకరు ఎరుకల, ఒకరు చెంచు, ముప్పై ఎనిమిది మంది హాస్టల్ పిల్లలను వెంటబెట్టుకుని హైదరాబాదు విహారయాత్రకు పోయాం. మాచర్ల మీదుగా, సాగర్ డ్యాం దాటి. మొదటి రోజు నెహ్రూ జూ పార్కు. రెండో రోజు నగరం శివారులో ఒక ప్రైవేటు పక్షుల తోట. "ఉష్ణమండల అరణ్యం" అని బయట పెద్ద బోర్డు. దాని పేరుతో ఇక్కడ పనిలేదు. అలాంటివి ఇప్పుడు పెద్ద ఊళ్ళన్నిటికీ వచ్చేశాయి.

లోపలికి పోవడానికి రెండు తలుపులు. మొదటిది మూసుకున్నాక గాని రెండోది తెరవరు, పిట్టలు బయటికి పోకుండా. రెండో తలుపు తెరిచేసరికి పిల్లలందరూ ఒక్కసారి "హా!" అన్నారు. పైన ఇనప చట్రం మీద పారదర్శకమైన కప్పు. గొట్టాల్లోంచి పొగలాగా సన్నటి నీటి తుంపర. సిమెంటుతో కట్టిన కొండ, దాని మీంచి మోటారు తోడిపోస్తున్న జలపాతం. చేటంత ఆకులు, ఆకులకు చిల్లులు. మైనపు ముద్దలాగా మెరిసే ఎర్రటి పూలు. చెట్టు కొమ్మ మీదే బతికే ఆర్కిడ్లు. ఆ ఆకుల మధ్య ఎర్రవి, నీలివి, పసుపువి మకావ్‌లు. తెల్లటి జుట్టుతో కాకటూలు. గుప్పెడు గింజలు పట్టుకుంటే వచ్చి భుజం మీద వాలే చిన్న పసుపు పిట్టలు, సన్ కాన్యూర్‌లట.

మా పిల్లల్లో ఒకడు అసలు మాట్లాడడు. వాళ్ళ అమ్మానాన్నలు ఏడాదిలో సగం వలస కూలికి పోతారు. వాడి భుజం మీద ఆ పిట్ట వాలింది. వాడు కదలలేదు, ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాడు. అది వాడి చెవి తమ్మెను ముక్కుతో పట్టుకుని చూసింది. వాడు నవ్వాడు. మూడేళ్ళలో వాడి నవ్వు మేము చూడడం అదే మొదలు. ఇది ముందే ఎందుకు చెప్తున్నామంటే, ఇక మీద రాసేదంతా చదివి, ఈ పంతుళ్ళు ఊరికే తప్పులు ఎంచుతున్నారని మీరు అనుకోకూడదని. ఆ నవ్వు నిజం. ఆ నవ్వుకు టికెట్టు డబ్బులు చాలా తక్కువ.

అప్పుడే ఏడో తరగతి అమ్మాయి ఒకతి మా దగ్గరికి వచ్చి అడిగింది. "సార్, ఉష్ణమండలం అంటే మన ఊరే కదా? మరి ఇక్కడ చల్లగా ఉందేంటి?"

మేము నవ్వాం. జవాబు మాత్రం లేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో పిల్లలు నిద్రపోయాక మా నలుగురి మధ్య ఆ ప్రశ్నే తిరిగింది. అప్పటినుంచి ఇంకా తిరుగుతూనే ఉంది. ఈ వ్యాసం ఆ తిరుగుడే.

పాఠ్యపుస్తకం ప్రకారం ఆ పిల్ల అన్నదే ఒప్పు. కర్కట రేఖకూ మకర రేఖకూ మధ్య ఉన్నదంతా ఉష్ణమండలమే. రెంటచింతల పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. మేము పుట్టింది, ఎండలో మిరపకాయలు కోసింది, చెప్పుల్లేకుండా బడికి నడిచింది ఉష్ణమండలంలోనే. కానీ ఆ బోర్డు రాసినవాళ్ళ మనసులో ఉన్న ఉష్ణమండలం వేరు. అక్కడ ఎప్పుడూ వాన, ఎప్పుడూ పచ్చదనం, రంగురంగుల పిట్ట. మనుషులు ఉండరు. మన ఉష్ణమండలంలో నాపరాయి, ముళ్ళ పొద, ఆరు నెలలు ఆకు రాల్చుకుని నిలబడే చెట్టు, కావిరంగు పిట్ట. దీనికి ఎవరూ అద్దాల ఇల్లు కట్టరు. టికెట్టు పెట్టినా ఎవరూ రారు.

రారా? మాలో చెంచు ఉపాధ్యాయుడు అక్కడ ఆగాడు. "మా నాయన నన్ను అడివికి తీసుకుపోయినప్పుడు నేను టికెట్టు లేకుండానే చూశాను" అన్నాడు. వెల్దుర్తి దాటి నల్లమల అంచు వైపు పోతుంటే చండ్ర, బలుసు, పరికి, తునికి, రేల, మోదుగ, నారేపి. వేసవిలో ఆకు ఒక్కటి ఉండదు, మోదుగ మాత్రం నిప్పు అంటుకున్నట్టు పూస్తుంది. పొదల కింద కౌజులు, పూరీళ్ళు. కరెంటు తీగ మీద పాలపిట్ట. రాత్రి చెరువు గట్టు మీద తీతువు కూత. ఇదంతా మన పిల్లలకు తెలుసు. తెలుసన్న సంగతి మాత్రం వాళ్ళకు తెలియదు. ప్రశ్నపత్రంలో రానిది జ్ఞానం కాదని మేమే కదా వాళ్ళకు నేర్పింది.

ప్రభుత్వ దస్త్రాల్లో ఈ ముళ్ళ అడవికి చాలాకాలంగా ఉన్న పేర్లు బంజరు, పోరంబోకు, వ్యర్థభూమి. వ్యర్థమని పేరు పెట్టాక దాన్ని ఏం చేసినా పాపం అంటదు. క్వారీ తవ్వవచ్చు, కాలువ తవ్వవచ్చు, చదును చేయవచ్చు. ఈ మాటకు మన రాష్ట్రంలోనే ఒక కథ ఉంది. ప్రతి గిరిజన విద్యార్థికీ అది తెలియాలి.

కలివికోడి అని ఒక పిట్ట. ఇంగ్లీషువాళ్ళు దానికి జెర్డాన్ అనే డాక్టరు పేరు పెట్టారు, 1848లో అది శాస్త్రలోకానికి తెలిసింది ఆయన వల్లే కాబట్టి. 1900 తర్వాత అది ఏ శాస్త్రవేత్తకూ కనపడలేదు. పుస్తకాల్లో దాదాపు అంతరించిందని రాసేశారు. కడప జిల్లాలో పల్లెవాళ్ళు మాత్రం కలివి పొదల్లో అది తిరుగుతుందని చెప్పుకుంటూనే ఉన్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట దాన్ని చేత్తో పట్టి శాస్త్రవేత్తలకు చూపించాడు. ఎనభై ఆరేళ్ళ తర్వాత పిట్ట "మళ్ళీ దొరికింది". పట్టిన ఆ పిట్ట కొద్ది రోజులకే చచ్చిపోయింది. దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాత తెలుగుగంగ కాలువ దారిని కూడా దాని కోసం కొంత మార్చాల్సి వచ్చింది.

ఈ కథలో మాకు రెండు ముళ్ళు గుచ్చుకుంటాయి. ఒకటి, "దొరికింది" అనే మాట. ఊరివాళ్ళకు అది పోయింది ఎప్పుడని, దొరకడానికి? రెండు, చూపించడం కోసం పట్టిన పిట్టే చచ్చిపోయింది. ఐతన్న చెడ్డ పని చేయలేదు. ఆ పిట్టను ఆయన చేత్తో పట్టి చూపించకపోతే ఆ ముళ్ళ పొదలు ఈపాటికి చదునైపోయేవి. చూపిస్తేనే బతికిస్తారు. చూపించడానికి పట్టాలి. పడితే చావవచ్చు. ఈ మూడు మాటల మధ్య ఎక్కడ నిలబడాలో మాకు ఇంకా తెలియదు.

అద్దాల తోటల చరిత్ర కూడా కొంచెం చూశాం. 1829లో లండన్‌లో వార్డ్ అనే డాక్టరు ఒక సీతాకోకచిలుక గూడును మూత వేసిన గాజు సీసాలో మట్టితో పాటు పెట్టుకున్నాడు. సీతాకోక సంగతి ఏమో గాని, మట్టిలోంచి ఫెర్న్ మొలక వచ్చింది. నీళ్ళు పోయకపోయినా బతికింది, లోపలి తేమే ఆవిరై మళ్ళీ దిగుతుంది కాబట్టి. అంతే, గాజు పెట్టెల్లో మొక్కలను ఓడల మీద నెలల తరబడి తీసుకుపోవచ్చని తెలిసింది. ఆ పెట్టెల్లోనే చైనా తేయాకు మొక్కలు 1848 తర్వాత మన హిమాలయ కొండలకు వచ్చాయి. జ్వరం మందు క్వినైన్ ఇచ్చే సింకోనా దక్షిణ అమెరికా ఆండీస్ కొండల నుంచి 1860 ప్రాంతంలో నీలగిరులకు వచ్చింది. 1876లో బ్రెజిల్ నుంచి డెబ్భై వేల రబ్బరు గింజలు లండన్ క్యూ తోటకు చేరాయి. అక్కడి అద్దాల ఇళ్ళలో మొలిచిన నారు సింహళానికీ సింగపూరుకూ పోయింది. ఆ చెట్టు పాలు తీయడం అమెజాన్ అడవి మనుషులకు తరతరాలుగా తెలుసు. చరిత్ర పుస్తకంలో మాత్రం గింజలు మోసుకొచ్చిన దొర పేరే ఉంది.

అంటే అద్దాల తోట పుట్టినప్పటినుంచీ అందం కోసమే లేదు. అడవిలోని విలువైనదాన్ని అడవి మనుషుల నుంచి విడదీసి మోసుకుపోయే పనిముట్టు కూడా అదే. అందం తర్వాత వచ్చింది. లండన్‌లో 1851లో కట్టిన క్రిస్టల్ ప్యాలెస్, దాన్ని చూసి బెంగళూరు లాల్‌బాగ్‌లో 1889లో మొదలైన గ్లాస్ హౌస్, ఆ వరసలోవే. క్రిస్టల్ ప్యాలెస్ కట్టిన పాక్స్‌టన్ అసలు తోటమాలి. అమెజాన్ నీళ్ళలో పెరిగే పెద్ద కలువ ఆకు కింద ఉండే ఈనెల అల్లికను గమనించి అద్దాల కప్పులు అలా కట్టవచ్చని నేర్చుకున్నాడు. ఈ మాట విని మాలో ఎరుకల ఉపాధ్యాయురాలు నవ్వింది. "మా అమ్మ ఈత బరిగెతో బుట్ట అల్లేది. ఆమెను ఎవరన్నా ఇంజనీరు చూసుంటే ఏం కట్టేవాడో" అంది.

ఇప్పుడు ఇవి ఇంకా పెద్దవయ్యాయి. సింగపూరులో 2012లో తెరిచిన అద్దాల గుడారాల్లో ముప్పై అయిదు మీటర్ల కృత్రిమ కొండ, దాని మీంచి జలపాతం ఉన్నాయి. అమెరికాలో సియాటిల్‌లో అమెజాన్ కంపెనీ 2018లో మూడు గాజు గోళాలు కట్టి, నలభై వేల మొక్కల మధ్య ఉద్యోగులు కూర్చుని పని చేసుకునేటట్టు చేసింది. మా తండా నుంచి చదువుకుని అక్కడికి పోయిన ఒక తమ్ముడు ఫొటోలు పంపాడు. కింద ఒక మాట రాశాడు: "అన్నా, ఇక్కడ కూచుంటే తుంపర పడుతది, యాడి గుర్తొస్తది." వాళ్ళ యాడి ఎత్తిపోతల జలపాతం దగ్గర జామకాయలు అమ్మేది. ఆ తుంపరలో పెరిగిన పిల్లవాడు వాడు. గాజు గోళంలోని తుంపర వాడికి అబద్ధం కాదు. మేము దాన్ని వెక్కిరించం.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి చెప్పాలి. ఇది మనవాళ్ళలో చాలామందికి అనుభవం. మన రామచిలుక 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షిత పక్షి. పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం అన్నీ నేరమే. 1991 సవరణ తర్వాత దేశీయ పక్షుల వ్యాపారం పూర్తిగా బంద్. మంచిదే. సంతలో కాళ్ళు కట్టేసి, రెక్కలు కత్తిరించి అమ్మిన చిలకలను చూసినవాళ్ళెవరూ ఆ చట్టం వద్దనరు. కానీ ఆ చట్టం మొదట ఎవరి మీద పడింది? పిట్టలు పట్టుకుని బతికే సంచార కులాల మీద, చిలక జోస్యం చెప్పుకునేవాళ్ళ మీద. అదే కాలంలో లక్షల రూపాయల మకావ్‌ను రశీదుతో కొనుక్కుని డ్రాయింగు రూములో పెట్టుకుంటే అడిగేవాడు లేడు, ఎందుకంటే అది పరదేశి పిట్ట, మన చట్టం జాబితాలో లేదు. 2022లో చట్టాన్ని మళ్ళీ సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి అంతర్జాతీయ ఒప్పందం జాబితాలోని విదేశీ జీవాలను కూడా నాలుగో షెడ్యూలులో చేర్చారు. వాటిని ఉంచుకున్నవాళ్ళు నమోదు చేయించుకోవాలి. మంచిదే. పేదవాడి పంజరానికీ ఉన్నవాడి పంజరానికీ మధ్య ఎన్నేళ్ళ తేడా ఉందో లెక్క వేసుకోండి.

పంజరం ఎప్పుడూ తప్పేనా? అలా అనేసి ఊరుకుంటే వ్యాసం సులువుగా ముగిసేది. మాలో ఒకరు బ్రెజిల్ నీలి మకావ్ కథ చెప్పి మిగతా ముగ్గురి నోళ్ళు మూయించారు. స్పిక్స్ మకావ్ అంటారు దాన్ని. పిట్టల వ్యాపారులు పట్టుకుపోగా పోగా, అడవిలో మిగిలిన ఆఖరి మగ పక్షి 2000లో కనపడకుండా పోయింది. జాతి మొత్తం పంజరాల్లోనే మిగిలింది. ఆ పంజరాల్లోవాటినే జాగ్రత్తగా జతకట్టించి, పిల్లలు చేయించి, 2022లో ఎనిమిదింటిని మళ్ళీ బ్రెజిల్‌లో వదిలారు. జాతిని నాశనం చేసిందీ పంజరమే, మిగిల్చిందీ పంజరమే. ఇంకో సంగతి. ఆ పిట్ట ఉండేది జలపాతాల వానడవిలో కాదు. కాటింగా అనే పొడి ముళ్ళ అడవిలో. వేసవిలో ఆకు రాల్చి బూడిద రంగులో నిలబడే అడవి అది. మన పల్నాడు లాంటిది. మకావ్ అనగానే తుంపర, పచ్చటి ఆకు, సిమెంటు కొండ పెట్టినవాళ్ళకు ఈ సంగతి ఎవరైనా చెప్పారో లేదో.

ఆ తోటలో ఎర్ర మకావ్ ఒకటి రొమ్ము మీద ఈకలన్నీ పీక్కుని బోసిగా ఉంది. పిల్లలు దానికి జబ్బనుకున్నారు. దాన్ని చూసుకునే కుర్రవాడు చెప్పాడు. "జబ్బు కాదు సార్. జత చచ్చిపోయింది. ఒంటరిదైతే ఇట్లా పీక్కుంటది. నేను పెడితేనే తింటది, సెలవు పెడితే తినదు." మాట కలిపితే ఆ అబ్బాయిదీ మన్యం వైపు ఊరే. అమ్మానాన్నలు కొండ మీద, తాను ఇక్కడ, రెండేళ్ళుగా పండక్కి కూడా పోలేదు. ఒక పక్షి ప్రాణం తన సెలవు మీద ఆధారపడి ఉందట, అందుకని. మేము అతనికి ఏం చెప్పాలో తెలియక, టీ తాగుదాం రా తమ్ముడూ అన్నాం. డ్యూటీలో ఉన్నాను సార్ అన్నాడు.

ఈ తోటలో మాకు కనపడనిది ఒకటుంది. అది అడగడానికి మాకు చాలా రోజులు పట్టింది. ఆ పిట్టలతో, ఆ చెట్లతో కలిసి బతికిన మనుషులు ఎక్కడ? మకావ్ అడవుల్లో మకావ్ ఈకలు తలపాగాలో పెట్టుకునే జనం ఉన్నారు. రబ్బరు పాలు తీసేవాళ్ళు, సింకోనా బెరడు తెలిసినవాళ్ళు ఉన్నారు. అద్దాల అడవిలో వాళ్ళెవరూ లేరు. ఆకు, నీళ్ళు, పిట్ట, టికెట్టు కొన్నవాళ్ళు, అంతే. అడవి అంటే మనుషులు లేని చోటు అని ఆ తోట మన పిల్లలకు చెప్పకుండానే చెప్పింది. ఈ పాఠం నేర్చుకున్న పిల్లవాడు పెద్దయి ఆఫీసరైతే, నల్లమలలో చెంచు గూడెం చూసి అడవికి అడ్డం అనుకుంటాడు. 1983లో పులుల రిజర్వు అయినప్పటినుంచి మనం వింటున్న మాటే అది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా పూర్తిగా పోని మాట.

మనుషులను ప్రదర్శనకు పెట్టలేదా అంటే, పెట్టారు. 1906లో న్యూయార్క్ బ్రాంక్స్ జూలో ఓటా బెంగా అనే కాంగో అడవి మనిషిని కోతుల ఇంట్లో పెట్టి చూపించారు. నల్లజాతి పాస్టర్లు తిరగబడితే తీసేశారు. ఇంటికి పోయే దారి మూసుకుపోయి 1916లో అతను ఆత్మహత్య చేసుకున్నాడు. అంత దూరం ఎందుకు? అండమాన్‌లో జారవాల అడవి మధ్య రోడ్డు మీద తిండి ఆశ చూపి వాళ్ళ ఆడపిల్లల చేత డాన్సు చేయించిన వీడియో 2012లో బయటపడి దేశం తలదించుకుంది. మన ఎరుకలవాళ్ళనూ సుగాలీలనూ పుట్టుకతోనే నేరస్తులని రాసి, సెటిల్మెంట్లలో పెట్టి, హాజరు వేయించింది కూడా ఒక రకం కంచే. ఆ చట్టం 1952లో పోయింది. ఆ చూపు పోవడానికి ఇంకా టైం పడుతుంది.

మా చెంచు ఉపాధ్యాయుడు ఒకసారి శ్రీశైలంలో చెంచులక్ష్మి గిరిజన మ్యూజియం చూడబోయాడు. మంచి మ్యూజియమే, శ్రద్ధగా పెట్టారు. విల్లు, తేనె తీసే తాడు, బుట్ట, మనుషుల బొమ్మలు. పక్కన ఒక పట్నం పిల్లవాడు వాళ్ళ అమ్మను అడిగాడట. "అమ్మా, వీళ్ళు ఇప్పుడు ఉన్నారా?" ఆ అమ్మ "అడవిలో ఎక్కడో ఉంటారు నాన్నా" అంది. ఇతను పక్కనే నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోను, జేబులో బి.ఇడి. హాల్ టికెట్టు. "నేనే నాన్నా" అనాలనుకున్నాడట. అనలేదు. అన్నట్టయితే ఆ పిల్లవాడు బొమ్మను వదిలి తనను చూసేవాడు. చూడబడడం తనకిష్టమో కాదో ఆ క్షణంలో తేల్చుకోలేకపోయానని చెప్పాడు.

ఈ మాట విన్నప్పటినుంచి మాకు జూలో చూసిన ఒక సంగతి పదేపదే గుర్తొస్తుంది. నెహ్రూ జూ పార్కు 1963 అక్టోబరు 6న తెరిచారు, మీరాలం చెరువు పక్కన దాదాపు మూడు వందల ఎనభై ఎకరాలు. అందులో రాత్రి సంచరించే జంతువులకు ఒక ఇల్లుంది. పగలు లోపల చీకటి చేస్తారు, రాత్రి దీపాలు వేస్తారు. జంతువులకు పగలు రాత్రిగా, రాత్రి పగలుగా మారిపోతుంది. మనం పగలు పోయినా అవి మెలకువగా ఉండి కనపడాలని. ఆ చీకట్లో మా పిల్లల్లో ఒకడు గుసగుసగా అడిగాడు. "వీటికి తెల్లారిందని ఎవరు చెప్తారు సార్?"

స్విచ్చి వేసేవాడు చెప్తాడు. అంతకంటే జవాబు లేదు.

అద్దాల తోట మీద మా అభ్యంతరం దాదాపు అదే. పక్షి లోపల ఉందన్నది ఒక్కటే కాదు. ఎప్పుడు తెల్లారాలో, ఎంత వాన పడాలో, ఎవరిని ఎవరు చూడాలో అన్నీ ఒకవైపు నుంచే నిర్ణయమవుతాయి. అడవిలో మేము పిట్టను చూస్తే పిట్ట కూడా మమ్మల్ని చూస్తుంది. నచ్చకపోతే లేచిపోతుంది. లేచిపోగలిగినది వచ్చి దగ్గరలో వాలితే దానికి ఒక విలువ ఉంది. ఆ పిల్లవాడి భుజం మీద వాలిన పిట్టకు గింజలు అక్కడ తప్ప ఇంకెక్కడా దొరకవు. అది స్నేహమా, ఆకలా? వాడికి స్నేహమే. పిట్టనడిగి చెప్పడం మా వల్ల కాదు.

చెంచు ఉపాధ్యాయుడి తండ్రి తేనె తీసేటప్పుడు తుట్టె మొత్తం కోయడట. కొంత వదిలిపెడతాడు, ఈగలకని. ఈ మాటను ఊరికే మురిపెంగా చెప్పుకోవడం మాకు ఇష్టం లేదు. ఇప్పుడు మన వాళ్ళలోనూ తుట్టె మొత్తం కోసి, పొగబెట్టి, నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయని అమ్మేసేవాళ్ళు ఉన్నారు. గిరిజనుడైనంత మాత్రాన పుట్టుకతో అడవికి కాపలాదారు కాడు. కానీ తీసుకునేటప్పుడు ఎదుటిదాని మిగులు గురించి ఆలోచించడం అనే అలవాటు ఒకటి మన ఇళ్ళలో ఉంది. టికెట్టు కౌంటరు దగ్గర అలాంటి లెక్క ఉందా అని మేము వెతికాం. ఈకలు పీక్కున్న మకావ్ దగ్గర మాత్రం ఉంది, ఆ కుర్రవాడి సెలవు లెక్కలో.

పరదేశి అనే మాట మీద కూడా ఒక సంగతి. మకావ్ దక్షిణ అమెరికాది కాబట్టి వింత. మరి మన మిరప? అదీ అమెరికా ఖండాలదే. అయిదు వందల ఏళ్ళ కింద పోర్చుగీసువాళ్ళ ఓడల మీద వచ్చింది. ఇవాళ పల్నాడు బతుకే మిరప మీద ఉంది. కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన కాయల పక్కన తుమ్ముకుంటూ మన ఆడవాళ్ళు తొడిమలు తీస్తుంటారు. నల్లమలలో చెంచులు ఏరి అమ్మే సీతాఫలమూ అక్కడిదే. మన పొలాల గట్ల మీద మనల్ని పీడించే సర్కారు తుమ్మ కూడా అక్కడినుంచి తెచ్చి నాటిందే. ఆ మొక్కలు ఎవరి అద్దాల్లోనూ లేవు. మట్టిలో కలిశాయి, చెమట తాగాయి, కొన్ని మేలు చేశాయి, కొన్ని కీడు చేశాయి. ఇంకో తమాషా ఏమిటంటే, మిరప మంట పక్షులకు తెలియదు. ఆ ఘాటు పదార్థం వాటి నరాలకు తగలదు. అందుకే మన చిలక పండు మిరపకాయను బెల్లం ముక్కలాగా తింటుంది. మకావ్ కూడా తింటుంది. ఆ మకావ్‌కూ రెంటచింతల పొలానికీ ఈ ఒక్క చుట్టరికం ఉందని ఆ తోటలో ఎవరూ రాసి పెట్టలేదు. మేము వచ్చాక పిల్లలకు చెప్తే, ఒకడు వెంటనే, "అయితే మన కాయలు ఒక బస్తా పంపుదాం సార్" అన్నాడు.

వచ్చే ఏడాది పిల్లలను మళ్ళీ అక్కడికి తీసుకుపోవాలా వద్దా అని మాలో మాకు ఇప్పటికీ తగువే. ఇద్దరం వద్దంటాం. సత్రశాల దగ్గర కృష్ణ ఒడ్డున ఉదయం ఆరింటికి నిలబెడితే చాలు, బండరాళ్ళ మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ ఉంటాయి, టికెట్టు లేదు అంటాం. ఒకరు పోవాలంటారు. మన పిల్లలు ప్రపంచాన్ని చూడొద్దా, పట్నం పిల్లలకు ఒక న్యాయం మన వాళ్ళకు ఒక న్యాయమా అని. ఆ మాటలో బలం ఉంది. పేదవాడి పిల్లకు ఆశ్చర్యపోయే హక్కు లేదనడానికి మేమెవరం? నాలుగో వ్యక్తి, చెంచు ఉపాధ్యాయుడు, రెండూ చేద్దాం, కానీ ముందు నది దగ్గరికి పోదాం అంటాడు. ముందు ఏది చూస్తే తర్వాతదాన్ని దానితో పోలుస్తారు కదా అని.

విహారయాత్ర మీద పిల్లల చేత రాయించిన కాగితాలు ఇప్పుడు మా ముందున్నాయి. చాలామంది జలపాతం గురించి, బస్సులో పాడిన పాటల గురించి, హోటల్లో తిన్న పూరీల గురించి రాశారు. ఉష్ణమండలం గురించి అడిగిన పిల్ల మాత్రం ఒక పట్టిక గీసింది. ఎడమవైపు తోటలో చూసిన పక్షులు, తొమ్మిది. కుడివైపు తమ తండాలో చూసిన పక్షులు, ముప్పై ఒకటి. వాటిలో ఆరింటికి తెలుగు పేరు తెలియక గోర్‌బోలిలో రాసింది. మా ఇద్దరు సుగాలీ పంతుళ్ళకు వాటిలో రెండు ఏ పిట్టలో తెలియలేదు. రేపు ఆదివారం వాళ్ళ నాయనమ్మను అడగడానికి ఆ తండాకు పోతున్నాం.